నీళ్ళకు ఒప్పందం ఉంది, మనకేది?

మాది ఎత్తిపోతల దగ్గరి తాండా. ఈ పేరు పట్నంలో ఎవరికన్నా చెబితే 'ఏ ఎత్తిపోతల?' అని అడుగుతున్నారు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలా, రాయలసీమ ఎత్తిపోతలా, మన వరికపూడిశెల ఎత్తిపోతలా? పథకం కాదు, జలపాతం అని చెప్పుకోవాల్సి వస్తోంది. చంద్రవంక ఏరు డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకి, కొంత దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ ఏటి పక్కనే మా పెద్దలు ఎద్దులను కట్టేసిన చోటు.

ఈ జలపాతం గురించి చూడవచ్చిన వాళ్ళకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఎండాకాలం చంద్రవంకలో నీళ్ళుండవు. అయినా జలపాతం ఆగదు. పైన సాగర్ కుడి కాలువ నుంచి ఏట్లోకి నీళ్ళు వదులుతారు. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఉత్త బండలు చూసి తిరిగి పోకూడదు కదా. దాన్ని మేము తప్పు పట్టం. వచ్చేపోయే జనం మీద ఆధారపడి కంకులు కాల్చి అమ్ముకునేవాళ్ళు మాలోనూ ఉన్నారు. కాని ప్రభుత్వం తలుచుకుంటే ఎండిన ఏరును కూడా పారించగలదని మేము చిన్నప్పటి నుంచీ కళ్ళారా చూస్తున్నాం. అందుకే ఏ ఆఫీసులోనైనా 'అది కుదరదు' అన్న మాట వింటే మాకు నమ్మకం కలగదు.

ఆ 'కుదరదు' గురించే ఈ వ్యాసం.

మా తాండా ఆడబిడ్డ ఒకామెను నది అవతల, దేవరకొండ వైపు తాండాకు ఇచ్చారు. ఇచ్చిననాడు రెండు ఒడ్లూ ఒకటే రాష్ట్రం. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చింది. పెద్దవాడు మా బడిలో చేరాడు. లెక్కల్లో చురుకు. గురుకులంలో అయిదో తరగతి సీటుకు దరఖాస్తు పెట్టిద్దామనుకున్నాం. కుల ధ్రువపత్రం కావాలన్నారు. ఇక్కడి ఆఫీసులో అడిగితే 'తండ్రిది అవతలి రాష్ట్రం, అక్కడి నుంచి తెచ్చుకోండి' అన్నారు. అక్కడికి పోతే 'మీరిక్కడ ఉండటం లేదు, రేషన్ కార్డులో పేర్లు కూడా లేవు, ఉన్నచోటే తీసుకోండి' అన్నారు. కూలి పోగొట్టుకొని ఆ తల్లి మూడుసార్లు సాగర్ వంతెన దాటింది. చివరికి అక్కడి నుంచే ఒక కాగితం సంపాదించుకొచ్చింది. అది 'పై రాష్ట్రం కాగితం, ఇక్కడ చెల్లదు' అని తేలింది. ఈలోగా గడువు అయిపోయింది. ఆ ఆఫీసుల పేర్లు, అందులో వాళ్ళ పేర్లు మేము రాయం. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఉన్న నిబంధనే చెప్పారు. మా గొడవ ఆ నిబంధనతోనే.

వాళ్ళ అవ్వ మాత్రం ఒక మాట అన్నది. ఎద్దుల మీద ఉప్పు వేసుకొని మా తాతలు ఎన్ని రాజ్యాలు దాటలేదు, నిజాం అడగలేదు, దొర అడగలేదు, ఇప్పుడు ఈ వాగంత నదికి ఇన్ని కాగితాలా అని. ముసలామె కోపంలో అన్నా అందులో చరిత్ర ఉంది.

1956 నవంబర్ 1 దాకా కృష్ణకు అవతల హైదరాబాద్ రాష్ట్రం. ఇవతల ముందు మద్రాసు, 1953 నుంచి ఆంధ్ర. 1956లో రెండూ కలిసి ఒకటయ్యాయి. పటం మీద గీత చెరిగిపోయింది. మన కాగితాల మీద చెరిగిందా? లేదు. ఇవతలి ఒడ్డున సుగాలీ పేరుతో మనవాళ్ళు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. అవతలి ఒడ్డున అదే గోర్ మాటలాడే, అదే తీజ్ పండుగ చేసుకునే లంబాడా ఆ జాబితాలో లేడు. 1976లో పార్లమెంటు చట్టం చేసి, 1977లో అది అమల్లోకి వచ్చేదాకా అతను ఎస్టీ కాడు. అంటే ఒకే రాష్ట్రం, ఒకే ముఖ్యమంత్రి, ఒకే శాసనసభ ఉన్న ఇరవై ఏళ్ళు కూడా మాకు కృష్ణ సరిహద్దుగానే ఉంది. అక్క ఎస్టీ, అవతల ఇచ్చిన చెల్లెలి పిల్లలు కారు. తరువాత ముప్పై ఏడేళ్ళు గీత లేదు. 2014 జూన్ 2న మళ్ళీ వచ్చింది. మేము టీటీసీ చదివిన రోజుల్లో నల్లగొండ పిల్లలతో కలిసి ఒక గదిలో వండుకు తిన్నాం. వాళ్ళు ఇప్పుడు పొరుగు రాష్ట్రం ఉపాధ్యాయులు. రాష్ట్రం విడిపోవటం తప్పని మేము అనటం లేదు. తెలంగాణ ప్రజలు అడిగారు, పోరాడారు, తెచ్చుకున్నారు. అది వాళ్ళ హక్కు. విడిపోయేటప్పుడు ఏమేమి రాసుకున్నారన్నదే మా ప్రశ్న.

చాలా రాసుకున్నారు. పునర్వ్యవస్థీకరణ చట్టంలో 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్ళు ఉన్నాయి. అప్పులు, ఆస్తులు, కార్పొరేషన్లు, కరెంటు, ఉద్యోగుల పింఛన్లు, అన్నీ ఉన్నాయి. నదికైతే ఒక బోర్డునే పెట్టారు. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు. అందులో ఒక ఛైర్మను, ఒక్కో రాష్ట్రం నుంచి ఇద్దరేసి సభ్యులు, కేంద్రం తరఫు నిపుణుడు. ఉన్నత చదువుల సీట్లకు పాత కోటాలే పదేళ్ళు నడవాలని రాశారు. 2024 జూన్‌తో ఆ గడువు ముగిసింది. ఎస్టీల సంగతి ఏం రాశారు? ఒక జాబితాను రెండు జాబితాలు చేశారు. నది రెండు ఒడ్డులా పరుచుకొని ఉన్న చెంచులు, లంబాడాలు, ఎరుకలు, యానాదులు ఎవరికి పుట్టి ఎవరితో బతుకుతున్నారో, పెళ్ళికో కూలికో వంతెన దాటితే వాళ్ళ కాగితం ఏమవుతుందో ఒక్క వాక్యం రాయలేదు.

నీళ్ళ లెక్క చూడండి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చింది 811 టీఎంసీలు. 2015లో తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని పంచుకున్నారు. అది చాలదని ఒకరు, అదే శాశ్వతమని ఒకరు. 2004లో వేసిన రెండో ట్రిబ్యునల్ ఇంకా నడుస్తోంది. 2023 అక్టోబర్‌లో కేంద్రం దానికి మళ్ళీ కొత్త విచారణాంశాలు ఇచ్చింది. ఒక్కో టీఎంసీకి లాయర్లు, ఇంజనీర్లు, సంచులకొద్దీ ఫైళ్ళు. ఆ నవంబర్ 29 రాత్రి ఏం జరిగిందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లవారితే అవతల శాసనసభ ఎన్నికల పోలింగ్. ఇవతలి పోలీసులు వందల మంది డ్యామ్ మీదికి వెళ్ళారు. 26 గేట్లలో 13 మావి అని సగంలో ముళ్ళకంచె వేశారు. కుడి కాలువకు నీళ్ళు వదిలారు. అవతలి పోలీసులు వచ్చారు. తోపులాట. చివరికి కేంద్రం చెప్పి సీఆర్పీఎఫ్‌ను కాపలా పెట్టింది. పదమూడో గేటు దగ్గర ఇనుప ముళ్ళతో ఒక దేశానికీ ఇంకో దేశానికీ నడుమ ఉన్నట్టు గీత గీశారు. ఆ రెండు వైపుల పోలీసుల్లోనూ తెలుగు మాట్లాడనివాడు ఎంతమంది? భారత్, పాకిస్తాన్ 1960లో సింధు నది మీద ఒప్పందం రాసుకుంటే 1965 యుద్ధంలోనూ 1971 యుద్ధంలోనూ అది నిలబడింది. 2025 ఏప్రిల్‌లో పక్కన పెట్టారు, అది వేరే సంగతి. మన ఇద్దరి మధ్య పదేళ్ళలోపే ముళ్ళకంచె దాకా వచ్చింది.

దానికి రెండు వారాల ముందే, నవంబర్ 15న, మాచర్లలో వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన చేశారు. వెల్దుర్తి మెట్ట పొలాలకు నీళ్ళిస్తామన్నారు. రావాలనే మేమూ కోరుకుంటున్నాం. ఆ మెట్ట మీద మా తాండాలూ ఉన్నాయి. అయితే సాగర్ కట్టిననాటి నుంచీ ఈ పక్క మెట్ట మీద నిలబడి కింద కాలువ పోవటం చూసినవాళ్ళం మేము. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. లోయ మునుగుతుంటే నాగార్జునకొండ రాళ్ళకు అంకెలు వేసి, ఒక్కొక్కటీ విప్పి, కొండ మీదికీ అనుపుకూ మోసుకుపోయి మళ్ళీ పేర్చారు. మంచి పని. పిల్లలను తీసుకుపోయి చూపిస్తాం. రాళ్ళకు ఇంత ఓపిక చూపిన ప్రభుత్వానికి మనిషి దగ్గరకు వచ్చేసరికి 'కుదరదు' అనటం ఎట్లా వచ్చింది?

చెంచుల సంగతి ఇంకా విడ్డూరం. మనకు ఎగువన, శ్రీశైలానికి ఎదురుగా ఉన్న అమ్రాబాద్ పీఠభూమి పాత హైదరాబాద్ రాష్ట్రంలోది. 1950లోనే దాన్ని షెడ్యూల్డు ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ అయిదో షెడ్యూలు వర్తిస్తుంది. 1/70 భూమి చట్టం ఉంది, 1996 నాటి పెసా చట్టం ఉంది, గ్రామసభకు ఒక మాట ఉంది. ఇవతల మద్రాసు రాష్ట్రంలో ఉన్న నల్లమలలో, అంటే పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపు చెంచు పెంటలకు అది లేదు. ఒకటే అడవి, ఒకటే తేనె, ఒకటే మాట. ఒక ఒడ్డున భూమి పోకుండా చట్టం అడ్డం నిలబడుతుంది, ఇంకో ఒడ్డున నిలబడదు. ఎప్పుడో ఒక నిజాం, ఒక గవర్నరు పంచుకున్న హద్దు ఇవాళ ఒక చెంచు రైతు పట్టా కాగితం మీద పనిచేస్తోంది. 1956 నుంచి 2014 దాకా యాభై ఎనిమిదేళ్ళు ఒకే ప్రభుత్వం రెండు ఒడ్లనూ ఏలింది. ఈ తేడా సరిదిద్దటానికి యాభై ఎనిమిదేళ్ళు చాలలేదా? ఇప్పుడు విడిపోయాక ఎవరిని అడిగినా 'అది అవతలి రాష్ట్రం విషయం' అంటారు.

పులి విషయంలో మాత్రం ఈ ఇబ్బంది లేదు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఒకటిగా ఉండేది. రాష్ట్రం విడిపోయాక అవతలి భాగం అమ్రాబాద్ అభయారణ్యమైంది. కాని పులుల లెక్క తీసేటప్పుడు రెండు వైపులా కెమెరాలు పెడతారు, చారలు పోల్చి చూస్తారు. అవతల ఫోటో పడిన పులి ఇవతల కనబడితే అదే పులి అని గుర్తుపడతారు. దానికి కొత్త ధ్రువపత్రం అడగరు. పులి చారలు రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతాయి. చెంచు పిల్లవాడి కాగితం చెల్లదు. పులి మీద మాకు అసూయ లేదు, బతకాలి. ఆ కెమెరాలు మోసుకుపోయి చెట్లకు కట్టేవాళ్ళలో, అడుగుజాడ చూసి చెప్పేవాళ్ళలో చెంచులే ఉన్నారు.

ఇప్పుడు వాళ్ళ వాదన విందాం. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఎస్టీ జాబితా రాష్ట్రానికి రాష్ట్రం వేరు. ఒక రాష్ట్రం ఎస్టీ ఇంకో రాష్ట్రానికి పోతే అక్కడ ఎస్టీ కాడు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే చెప్పింది. ఆ కేసు మన పాత ఉమ్మడి జిల్లాదే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళిన కుర్రవాడు అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. కాదన్నారు. కోర్టూ కాదన్నది. ఒక చోట వెనకబాటు ఇంకో చోట ఉండకపోవచ్చు, అక్కడి ఎస్టీల వాటా బయటివాళ్ళు తీసుకోకూడదు అన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఈ ఆలోచన తప్పని మేము అనం. బొంబాయికీ తెనాలికీ సరిపోతుంది. ఎత్తిపోతలకూ పెద్దవూరకూ ఎట్లా సరిపోతుంది? అవతల కొండ మీద దీపం ఇవతలికి కనబడుతుంది. వెనకబాటు నది మధ్యలో ఆగిపోతుందా?

పైగా అదే సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో ఇంకో మాట చెప్పింది. బీహార్ నుంచి జార్ఖండ్ 2000లో విడిపోయింది. ఆ విడిపోవటంలో చిక్కుకున్న ఒక షెడ్యూల్డు కులాల ఉద్యోగి కేసులో, ఇటువంటివాళ్ళు రెండు రాష్ట్రాల్లో ఏదో ఒకచోట రిజర్వేషన్ పొందవచ్చు, రెండు చోట్లా ఒకేసారి మాత్రం కుదరదు అన్నది. అంటే పెళ్ళి చేసుకొనో బదిలీ మీదనో ఎక్కడికో వలసపోవటం వేరు, మనిషి కదలకుండా ఉంటే రాష్ట్రమే కదిలిపోవటం వేరు అని కోర్టు కూడా చూసింది. మా ఆడబిడ్డ కదల్లేదని మేము అనం, కదిలింది. కాని ఆమె పెళ్ళినాడు అది రాష్ట్రం దాటటం కాదు. ఊరు దాటటం మాత్రమే.

సరిహద్దు జోలికి పోలేం అన్నమాట ఇంకొకటి. దీనికి జవాబు గోదావరి ఒడ్డున ఉంది. 2014 మే నెలాఖరున, ఇంకా రాష్ట్రం విడిపోకముందే, ఆర్డినెన్సు తెచ్చి ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా కొన్ని భాగంగా, ఆంధ్రకు ఇచ్చేశారు. జూలైలో పార్లమెంటు ఆమోదించింది. ఎందుకు? పోలవరం ముంపు ఒకే రాష్ట్రంలో ఉండాలని. ఆ మండలాల కోయలను, కొండరెడ్లను ఎవరన్నా గ్రామసభ పెట్టి అడిగారా? వాళ్ళు నిద్ర లేచేసరికి రాష్ట్రం మారింది. నీళ్ళ కోసం గీతను వారాల్లో జరిపారు. మనుషుల కోసం గీత జరపమని కూడా మేము అడగటం లేదు. గీత మీద ఒక తలుపు పెట్టండి అంటున్నాం.

ఇంకొంచెం ఉత్తరానికి, సాలూరు పైన కొటియా పల్లెలకు పోండి. ఇరవై ఒక్క పల్లెలు మావంటే మావని ఆంధ్ర, ఒడిశాలు దశాబ్దాలుగా సుప్రీంకోర్టు దాకా తగాదా పడుతున్నాయి. అక్కడ ఆదివాసులకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులున్నాయి, రెండు రాష్ట్రాల ఓట్లున్నాయి. ఇద్దరూ బడి కడతామంటారు, ఇద్దరూ రోడ్డు వేస్తామంటారు. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం అన్నది. ఒక మనిషికి రెండు రాష్ట్రాల కాగితాలు ఉండకూడదన్న నిబంధన కొటియాలో ఏమైంది? ఆ పల్లెలు కావాలని ఇద్దరికీ ఉంది కనుక నిబంధన వంగింది. మేము ఎవరికీ కావలసినవాళ్ళం కాము కనుక ఇక్కడ నిటారుగా నిలబడింది.

పొరుగు ప్రభుత్వాల మధ్య ఆదివాసుల కోసం ఒప్పందం ఎక్కడన్నా ఉందా అని అడిగే తమ్ముళ్ళు ఉంటారు. ఉంది, మన తాతల తాతల నాటిది. ఐరోపా ఉత్తర కొసన సామీలు అనే ఆదివాసులున్నారు. దుప్పిలాంటి రెయిన్‌డీర్లను మేపుకుంటూ చలికాలం ఒక పక్కకు, ఎండాకాలం ఇంకో పక్కకు పోతారు. 1751లో డెన్మార్క్-నార్వే రాజు, స్వీడన్ రాజు తమ మధ్య హద్దు గీసుకున్నారు. గీసేటప్పుడు ఒప్పందానికి అనుబంధంగా సామీల కోసమే ముప్పై అంశాల పత్రం రాశారు. మంద తోలుకొని హద్దు దాటవచ్చు, పన్ను ఒక రాజుకే కట్టాలి, రెండు రాజ్యాలకూ యుద్ధం వచ్చినా సామీల రాకపోకలు ఆపకూడదు. రాజుల కాలంలో, ఓటు లేని కాలంలో, రాసిన మాట ఇది. దాన్ని తరువాతివాళ్ళు పూర్తిగా నిలబెట్టుకోలేదు. 1852లో నార్వేకూ, జారు కింద ఉన్న ఫిన్లాండుకూ మధ్య హద్దు మూసేశారు, ఎన్నో కుటుంబాల మేత తెగిపోయింది. కాని పత్రం అంటూ ఉంది కనుక సామీలు దాన్ని చేతిలో పట్టుకొని ఇవాళ్టికీ వాదిస్తున్నారు. మన చేతిలో ఏముంది?

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే మయన్మార్ హద్దున కొండల మీద తెగలవాళ్ళు ఇరుపక్కలా పదహారు కిలోమీటర్ల దాకా వీసా లేకుండా వచ్చిపోయే ఏర్పాటు ఉండేది. నాగాలాండ్‌లో లాంగ్వా అనే ఊరి పెద్ద ఇంటి మధ్య నుంచే దేశం హద్దు పోతుంది. 2024 ఫిబ్రవరిలో ఆ ఏర్పాటు ఎత్తేస్తామని కేంద్రం ప్రకటిస్తే మిజోరం, నాగాలాండ్ శాసనసభలు వద్దని తీర్మానాలు చేశాయి. మన రెండు శాసనసభల్లో ఎస్టీలకు కేటాయించిన స్థానాల నుంచి గెలిచిన ఎమ్మెల్యేలు ఉన్నారు. కృష్ణ నీళ్ళ మీద ఎన్ని గంటలైనా మాట్లాడతారు. కృష్ణ ఒడ్డు మనుషుల కాగితాల మీద ఎవరన్నా ఒక్క తీర్మానం అడిగారా? 2007లో ఐక్యరాజ్య సమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చేసినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. అందులో 36వ అధికరణం, హద్దుల వల్ల విడిపోయిన ఆదివాసులు అవతలివాళ్ళతో సంబంధాలు నిలుపుకునే హక్కు గురించే. అది దేశాల హద్దుల సంగతి కదా అంటారు. నిజమే. దేశాల మధ్యే ఉండాలని ఒప్పుకున్నది ఒక దేశంలోని రెండు జిల్లాల మధ్య ఉండకూడదా?

ఇక్కడ మన ఇంటి మాట కూడా ఒకటి చెప్పుకోవాలి, దాటేస్తే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు. మహారాష్ట్రలో బంజారా విముక్త జాతి. కర్ణాటకలో లంబాణీ షెడ్యూల్డు కులం. తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు తెగ. ఒకే మనిషికి మూడు ప్రభుత్వాలు మూడు పేర్లు పెట్టాయి. ఎక్కడ గుర్తింపు ఉంటే అటు జనం కదలటం సహజం. అట్లా వచ్చినవాళ్ళ వల్ల తమ భూములూ ఉద్యోగాలూ పోయాయని గోండులు, కోయలు అన్నారు. 2017లో ఆదిలాబాద్ ఏజెన్సీలో అది కొట్లాట దాకా పోయింది. మేము లంబాడాలం. అయినా చెబుతున్నాం, గోండు అన్న బాధ అబద్ధం కాదు. కాని ఆ బాధ పెట్టింది తాండా కాదు. పొరుగు రాష్ట్రాలు కూర్చొని ఒక జాతికి ఒక గుర్తింపు ఇవ్వకపోవటం పెట్టింది. ఛత్తీస్‌గఢ్ నుంచి 2005 తరువాత సల్వాజుడుం గొడవలకు పారిపోయి వచ్చిన గుత్తికోయలను చూడండి. అక్కడ ఎస్టీ, ఇక్కడ కాదు. అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబర్ 13 గడువు తేదీ కనుక ఇక్కడ భూమి హక్కూ లేదు. ఆ పిల్లలకు బడిలో ఏ గడి నింపాలో తెలియక తల పట్టుకున్న ఉపాధ్యాయులు ఈ పుస్తకం చదివేవాళ్ళలో ఉండే ఉంటారు. పొరుగు ప్రభుత్వాలు మాట్లాడుకోని ప్రతిచోటా మనం మనం కొట్టుకుంటున్నాం.

మేము అడిగేది ఆకాశం కాదు. చెంచు, లంబాడా, ఎరుకల, యానాది, ఈ పేర్లు రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నాయి. కనుక జాబితా మార్చక్కర్లేదు, పార్లమెంటుకు పోనక్కర్లేదు. 2014 జూన్ 2కు ముందు పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లల కుటుంబాలకు, నది ఒడ్డు జిల్లాల్లో ఇటూ అటూ బతికే కుటుంబాలకు, ఏదో ఒక రాష్ట్రం ఎంచుకునే అవకాశం ఇస్తూ రెండు గిరిజన సంక్షేమ శాఖలు కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఒక రాష్ట్రం తహసీల్దారు ఇచ్చిన కాగితాన్ని ఇంకో రాష్ట్రం తహసీల్దారు తనే విచారించి నిర్ధారించుకోవాలి, తల్లిని బస్సెక్కించకూడదు. ఒడ్డు మండలాల గురుకులాల్లో కొన్ని సీట్లు అవతలి ఒడ్డు పిల్లలకు ఉంచాలి, ఇద్దరూ ఉంచాలి. మిరప కోతలకు తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లవాడు మూడు నెలలు ఇక్కడ చదివితే ఆ హాజరు అక్కడ లెక్కకు రావాలి. కుడి ఒడ్డు చెంచు పెంటలను అయిదో షెడ్యూలులో చేర్చాలి. ఇది రాష్ట్రపతి ఉత్తర్వుతో అయ్యే పని, రాష్ట్రం అడగాలి అంతే. నదీ బోర్డులో నది ఒడ్డు ఆదివాసికి ఒక కుర్చీ ఉండాలని కూడా మా కోరిక. నవ్వుతారని తెలుసు. చీఫ్ ఇంజనీరు పక్కన చెంచు కూర్చుంటే టీఎంసీలు తగ్గిపోవు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ పని మనతోనే మొదలవుతుంది, ఎందుకంటే ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో మన హాజరు పట్టీలకు తెలిసినట్టు ఏ శాఖకూ తెలియదు. ప్రభుత్వాన్ని అడిగితే 'ఇట్లాంటి కేసులు ఎన్ని ఉన్నాయి, లెక్క తెండి' అంటుంది. లెక్క వాళ్ళ దగ్గర లేదు. ధ్రువపత్రం లేక ఆగిన దరఖాస్తు, అవతలి కాగితమని తిరిగొచ్చిన దరఖాస్తు, ఏ తేదీన, ఏ కారణంతో, అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. పిల్లల పేర్లు బయట పెట్టకండి, మన దగ్గర ఉంటే చాలు. నోటి మాటగా 'కుదరదు' అన్నప్పుడు, అదే మాట కాగితం మీద రాసివ్వమని అడగమని తల్లిదండ్రులకు చెప్పండి. రాసిచ్చిన 'కుదరదు' కోర్టుకు పనికొస్తుంది.

చదువుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇంకో పని. మీరు ఏ పార్టీ జెండా పట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు. డ్యామ్ మీద గొడవైనప్పుడు 'మన నీళ్ళు' అని ఫోన్లలో తిట్లు పంపుకున్న వాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. అవతలివాడిని తిట్టిన కుర్రవాడి మేనత్త అవతలే ఉంది. ఆ 'మన'లో మన తాండా ఎంత ఉందో, మన పెంట ఎంత ఉందో ఒకసారి కాలువ గట్టున నిలబడి చూసుకోండి.

ఏటా తొలి ఏకాదశికి ఎత్తిపోతల దత్తాత్రేయ స్వామి తిరునాళ్ళకు లంబాడాలు రెండు ఒడ్ల నుంచీ వస్తారు. ట్రాక్టర్లలో, ఆటోల్లో, బస్సుల్లో వంతెన దాటి వస్తారు. ఆ రోజు ఎవరూ రాష్ట్రం అడగరు. ఈసారి గుడి దారిలో ఒక చెట్టు కింద మేము బల్ల వేసుకొని కూర్చుంటాం. ఇటు ఆంధ్ర ఉపాధ్యాయుడు, అటు తెలంగాణ ఉపాధ్యాయుడు, మధ్యలో ఒక పుస్తకం. అవతలి స్నేహితులు ఇద్దరు వస్తామని మాట ఇచ్చారు. కాగితం ఆగినవాళ్ళు ఆ కాగితం నకలు, తిరస్కరించిన తేదీ, తల్లి ఊరు, తండ్రి ఊరు రాయించుకోవటానికి రండి. మా బడి పిల్లవాడి తల్లి మొదటి పేరు తనదే రాయమన్నది. పెద్దవాడి సంవత్సరం పోయింది, చిన్నపిల్ల వచ్చే ఏడు అయిదో తరగతికి వస్తుంది.